కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్ట్ బట్టీ కాకుండా అర్థమయ్యేలా ఎలా చదవాలి? సీసీఎన్ఏ కూడా చేయాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: బీటెక్ థర్డ్ ఇయర్ సీఎస్ఈ, నెట్‌వర్క్స్ మొదటి మిడ్ రాసేశారు, ఓఎస్ఐ ఏడు లేయర్లు (నెట్‌వర్క్ పనిని ఏడు అంతస్తులుగా విడగొట్టి చూపే నమూనా) నిద్రలో లేపి అడిగినా చెప్తారు, కానీ ఇంట్లో తమ్ముడు "అసలు నెట్ ఎలా వస్తుంది" అని అడిగితే నోరు పెగల్లేదు. సబ్‌నెటింగ్ (పెద్ద నెట్‌వర్క్‌ని చిన్న ముక్కలుగా చేయడం) లెక్కలంటే టెన్షన్. డెవలపర్ ఉద్యోగం చూసుకునేవాళ్లకి ఇదంతా అవసరమా, పైన సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) కూడా చేయాలా?

సూటిగా చెప్తాను. లేయర్ల వరుసలో చదవడం ఆపి, మీ ల్యాప్‌టాప్ నుంచి బయల్దేరే ఒక్క ప్యాకెట్ (చిన్న డేటా ముక్క) వెంట నడవండి. దారిలో ఏ హెడర్ (ప్యాకెట్ ముందుండే వివరాల భాగం) బొమ్మ ఎదురైనా ఒక్కో గడి మీద వేలు పెట్టి "ఇది లేకపోతే ఏం చెడుతుంది" అని అడగండి. జవాబు తట్టకపోతే ఆ పేజీ మీకు రానట్టే, మిడ్‌లో దానికి ఫుల్ మార్కులు పడినా సరే. ఇక అవసరమా అంటే, డెవలపర్‌కి మరీ అవసరం. సీసీఎన్ఏ సంగతి చివర్లో.

నేను పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో నెట్‌వర్క్ ఇంజినీర్‌ని. అంతకుముందు రెండేళ్లు ఒక ప్రైవేట్ కాలేజీలో ఇదే సబ్జెక్ట్ చెప్పాను. బోర్డు మీద ఏడు డబ్బాలు గీసి పక్కన "ప్లీజ్ డూ నాట్ త్రో సాసేజ్ పిజ్జా అవే" అని, లేయర్ల మొదటి అక్షరాలు గుర్తుండటానికి, రాయించినవాళ్లలో నేనూ ఉన్నాను. సాసేజ్ అంటే ఏమిటో క్లాసులో ఎవరికీ తెలీదు, నాకూ తెలీదు, అయినా అందరికీ కంఠతా వచ్చేసింది. కాబట్టి ఇందులో నా పాపం కూడా కొంత ఉంది.

ముందు ఆ ఏడు డబ్బాల గోల తేల్చేద్దాం. ఓఎస్ఐ మోడల్ ఐఎస్ఓ ప్రమాణంగా వచ్చింది 1984లో. ఇంటర్నెట్‌కి పూర్వరూపమైన ఆర్పానెట్ అప్పటికే, 1983 జనవరి 1న, ఇవాళ్టికీ ఇంటర్నెట్ నడిచే టీసీపీ/ఐపీకి మారిపోయింది. అంటే ఏడంతస్తుల మేడ ప్లాను పాసయ్యేసరికి జనం పక్కింట్లో కాపురం పెట్టేశారు. సెషన్ లేయర్‌కి (ఐదోది) ఒక మంచి ఉదాహరణ చెప్పమంటే సార్లు తడుముకునేది అందుకే, తప్పు మీ బుర్రలో లేదు. మా ఆఫీసులో "ఇది లేయర్ 2 ప్రాబ్లమ్", "లేయర్ 3 దాకా బానే ఉంది", "లేయర్ 7లో చూడండి" అని రోజూ అంటాం. 5, 6 అన్న మాట మాత్రం ఇన్నేళ్లలో నా చెవిన పడలేదు. పరీక్షలో ఏడూ రాయండి, మనసులో నాలుగైదు పెట్టుకోండి చాలు.

ఇప్పుడు నడక. హాస్టల్ వైఫైకి కనెక్ట్ అయి, బ్రౌజర్‌లో ఒక సైటు పేరు కొట్టారు. అన్నిటికంటే ముందు మీ ల్యాప్‌టాప్‌కి ఒక ఐపీ అడ్రస్ కావాలి. ఎవరిస్తారు? ఇంటర్వ్యూలలో ఫ్రెషర్స్‌ని నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే, ఏడు లేయర్లు గడగడా చెప్పినవాళ్లు చాలామంది ఇక్కడ ఆగిపోతారు. డీహెచ్‌సీపీ ఇస్తుంది అన్నారనుకోండి, తర్వాతి ప్రశ్న: తనకి అడ్రసే లేని మెషీన్ అడ్రస్ కావాలని ఎవరికి ఉత్తరం రాస్తుంది, ఏ అడ్రస్ నుంచి రాస్తుంది? 0.0.0.0 నుంచి 255.255.255.255కి. "నేనెవరో నాకే తెలీదు, ఇక్కడ ఎవరున్నా వినండి" అని వీధిలో నిలబడి కేకేయడం అన్నమాట. ఈ తమాషా ఒకసారి పట్టుబడితే డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్ అనే నాలుగు మెట్లు బట్టీ పట్టక్కర్లేదు. ఎప్పుడైనా విండోస్‌లో ఐపీ 169.254తో మొదలైతే కేక వేశాం, ఎవరూ పలకలేదు అని అర్థం.

తర్వాత డీఎన్ఎస్ అనే వ్యవస్థ సైటు పేరుని ఐపీ నంబరుగా మార్చిస్తుంది. ఆ నంబరు మన వీధిలోనిదా, ఊరి బయటదా అని తేల్చేది సబ్‌నెట్ మాస్క్. బయటదైతే ప్యాకెట్‌ని గేట్‌వే (బయటికి పంపే రౌటర్) చేతిలో పెట్టాలి, గేట్‌వే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకుండే సొంత నంబరు) తెలియాలంటే, ఐపీని బట్టి దాన్ని కనుక్కునే ఏఆర్‌పీ మళ్లీ ఒక కేకేయాలి. ఇక్కడ కాస్త ఆగండి. ప్యాకెట్‌లో గమ్యం ఐపీ ఎక్కడో ఉన్న సర్వర్‌ది, గమ్యం మ్యాక్ మాత్రం పక్క గోడకున్న రౌటర్‌ది. ఈ రెండూ వేర్వేరు అని కళ్లారా చూసిన రోజున సగం సబ్జెక్ట్ వచ్చేసినట్టే. ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వేస్తే దాని మీద రాసిన చిరునామా మారదు, ఏ బస్సులో ఎక్కించాలన్న చీటీ మాత్రం బస్సు మారినప్పుడల్లా మారుతుంది. ఐపీ ఆ చిరునామా, మ్యాక్ ఆ చీటీ. (హాస్టల్ రౌటర్‌లో లోపలి అడ్రస్‌ని బయటి అడ్రస్‌గా మార్చే ఎన్ఏటీ ఉంటుంది కాబట్టి "నుంచి" చిరునామా కూడా దారిలో మారిపోతుంది, ఆ చిక్కు తర్వాత విప్పుకోవచ్చు.)

కళ్లారా చూడ్డానికి, వచ్చేపోయే ప్యాకెట్లను పట్టి చూపించే వైర్‌షార్క్ ఉంది, ఉచితం. దాంతో మొదటిరోజే యూట్యూబ్ తెరిచి త్రీ-వే హ్యాండ్‌షేక్ (టీసీపీ కనెక్షన్‌ని మొదలెట్టే మూడు ప్యాకెట్లు) కోసం వెతక్కండి, కనపడకపోవచ్చు. క్రోమ్ ఇలాంటి సైట్లతో ఎక్కువగా క్విక్ అనే ప్రోటోకాల్‌లో, అంటే టీసీపీ కాకుండా యూడీపీ 443 పోర్టు మీద మాట్లాడుతుంది, మా జూనియర్ ఒకతను "పుస్తకం తప్పన్నా, టీసీపీయే లేదు" అని పూటంతా కొట్టుకున్నాడు. ఎగ్జాంపుల్ డాట్ కామ్ అనే ఒక ఖాళీ సైటు ఉంది, దాన్ని టెర్మినల్‌లో కర్ల్ అనే కమాండ్‌తో, మామూలు హెచ్‌టీటీపీలో తెరవండి. బ్రౌజర్ అయితే దానంతటదే హెచ్‌టీటీపీఎస్‌కి మార్చేయొచ్చు. క్యాప్చర్ ఆపాక పైన మీ డీఎన్ఎస్ ప్రశ్న, దాని జవాబు, వెంటనే సిన్, సిన్-అక్, అక్, ఆ తర్వాత "గెట్" అని చదవగలిగే అక్షరాలు. మధ్య గడిలో ఏ ఫీల్డ్ మీద క్లిక్ చేస్తే కింద సరిగ్గా ఆ బైట్లే మెరుస్తాయి. పుస్తకంలో గీసిన హెడర్ బొమ్మ పక్కన పెట్టుకుని ఆ బైట్లు లెక్కపెట్టండి: ఈథర్‌నెట్ 14, ఐపీ 20, టీసీపీ 20 (సిన్‌లో ఆప్షన్లు ఉంటాయి కాబట్టి అక్కడ ఎక్కువ). బొమ్మా బైట్లూ సరిపోయినప్పుడు వచ్చే ఆనందం వేరు.

ఒక చిన్న మోసం ఉంది, జాగ్రత్త. సీక్వెన్స్ నంబర్ 0 నుంచి మొదలైనట్టు వైర్‌షార్క్ చూపిస్తుంది. అది మన సౌకర్యం కోసం తీసివేత చేసి చూపించే అంకె. అసలు నంబరు పెద్దది, ఊహకి అందకుండా ఎంచుకున్నది. "సున్నా నుంచి ఎందుకు మొదలెట్టకూడదు" అన్న ప్రశ్నే రెండు రోజులు ఆలోచించదగ్గది. ఇంకోటి, మీ సొంత మెషీన్ ట్రాఫిక్ మాత్రమే చూసుకోండి, రూమ్మేట్‌ది కాదు.

ఇక "ఇది లేకపోతే" ఆట. నాకు ఎప్పుడూ ఇష్టమైన ఉదాహరణ టీటీఎల్ (టైమ్ టు లివ్, ప్యాకెట్ ఆయుష్షు). ఐపీ హెడర్‌లో 8 బిట్ల గడి, ప్రతి రౌటర్ దాన్ని ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే ప్యాకెట్‌ని పారేస్తుంది. లేకపోతే? రెండు రౌటర్లు పొరపాటున "నీ వైపే, కాదు నీ వైపే" అని ఒకదానికొకటి పంపుకుంటే ఆ ప్యాకెట్‌కి చావుండదు. ట్రేస్‌రూట్ ఇదే గడిని వాడుకుంటుంది: కావాలనే టీటీఎల్ 1, 2, 3 పెట్టి పంపి, ఎవరెవరు పారేశారో వాళ్ల ఫిర్యాదులను బట్టి దారి కనిపెడుతుంది.

ఐపీకి టీటీఎల్ ఉంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి లేదు. ఈ ఒక్క వాక్యం విలువ నాకు తెలిసింది పాఠం చెప్పేటప్పుడు కాదు, ల్యాబ్ మొత్తం పడిపోయినప్పుడు. కాలేజీలో అరవై సిస్టమ్‌ల ల్యాబ్, ఎక్స్‌టర్నల్ ఇంకో గంటలో మొదలవ్వాలి. ఎవరికీ నెట్ లేదు, పక్క మెషీన్‌కి పింగ్ ("ఉన్నావా" అని అడిగే చిన్న ప్యాకెట్) కూడా పోవట్లేదు. ల్యాబ్ అసిస్టెంట్ "సార్, స్విచ్ దగ్గరికి రండి" అన్నాడు. వెళ్తే లైట్లన్నీ ఒకేసారి, ఒకే వేగంతో కొట్టుకుంటున్నాయి. మామూలుగా ఒక్కో లైటు దాని ఇష్టం వచ్చినట్టు మినుకుమంటుంది. ఎవరో పిల్లాడు కింద వేలాడుతున్న కేబుల్ చూసి, పాపం సాయం చేద్దామని, దాన్ని ఖాళీగా ఉన్న పోర్టులో గుచ్చాడు. ఆ కేబుల్ రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంది. ఒక్క ఏఆర్‌పీ కేక ఆ లూపులో పడి తిరుగుతూ, తిరిగినప్పుడల్లా అన్ని పోర్టులకీ కాపీలు పంచుతూ స్విచ్‌ని ముంచేసింది. దీన్నే బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అంటారు. దీనికి విరుగుడుగా 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీరు, లూపు చేసే దారిని మూసేసే స్పానింగ్ ట్రీ అల్గారిథమ్ రాశారు. మా స్విచ్ చవక రకం, దాంట్లో అది లేదు. కేబుల్ పీకిన మరుక్షణం అంతా మామూలైంది. అంతకు వారం ముందే నేను స్పానింగ్ ట్రీ మీద క్లాసు చెప్పాను, అయినా పది నిమిషాలు నాకే తట్టలేదు.

టీసీపీ విండో (అందిందన్న జవాబు రాకముందు ఎన్ని బైట్లు పంపొచ్చో చెప్పే అంకె) కూడా ఇలాగే చూడండి. హెడర్‌లో దానికిచ్చిన చోటు 16 బిట్లు, అంటే గరిష్ఠంగా 65,535 బైట్లు. అంత పంపాక అవతలి నుంచి అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చేదాకా ఆగాలి. అమెరికా సర్వర్‌కి పోయి రావడానికి 200 మిల్లీసెకన్లు అనుకుందాం, సెకనుకి ఐదు విడతలే. 65,535 × 5 × 8 గుణించండి: సుమారు 26 లక్షల బిట్లు, అంటే 2.6 ఎంబీపీఎస్. మీ ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్నా సరే ఒక కనెక్షన్‌కి దక్కేది అంతే! అందుకే 1992లో ఆ పరిమితిని పెంచే విండో స్కేలింగ్ అనే ఆప్షన్ చేర్చారు, ఇప్పుడు ప్రతి సిన్ ప్యాకెట్‌లో కనపడుతుంది. మీ స్లైడింగ్ విండో లెక్కల్లో వచ్చే సూత్రం ఇదేనని గమనించారా? అదేదో పరీక్ష కోసం పుట్టించిన లెక్క కాదు.

కంజెషన్ కంట్రోల్ (నెట్‌వర్క్ రద్దీని అదుపు చేయడం) చదివేటప్పుడు 1986 అక్టోబర్ కథ గుర్తుపెట్టుకోండి. లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌కీ యూసీ బర్కిలీకీ మధ్య దూరం 400 గజాలు. ఆ లింకు వేగం 32 కేబీపీఎస్ నుంచి 40 బీపీఎస్‌కి పడిపోయింది. కిలో లేదు, ఉత్త నలభై బిట్లు. ప్యాకెట్ పోయిందని అందరూ మళ్లీ మళ్లీ పంపడం, దాంతో రద్దీ ఇంకా పెరగడం. బస్టాండులో ఒకే తలుపు దగ్గర అందరూ ఒకేసారి తోసుకుంటే ఎవరూ ఎక్కలేనట్టు. వాన్ జేకబ్సన్ 1988లో రాసిన పేపర్‌లోంచే మీ సిలబస్‌లోని స్లో స్టార్ట్ (కొంచెంతో మొదలెట్టి, జవాబులు వచ్చేకొద్దీ పెంచడం) వచ్చింది.

ఈ మాత్రానికి ఉద్యోగంలో పనేమిటి అంటారా, ఒక కేసు చెప్తాను. ఒక క్లయింట్ బ్రాంచ్ ఆఫీసుకి కొత్త వీపీఎన్ పెట్టారు. మర్నాడు ఫిర్యాదు: పింగ్ బ్రహ్మాండంగా పోతోంది, లాగిన్ పేజీ తెరుచుకుంటోంది, పాస్‌వర్డ్ కొట్టాక మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. అప్లికేషన్ టీమ్ "నెట్‌వర్క్ ప్రాబ్లమ్" అంది, నెట్‌వర్క్ టీమ్ "పింగ్ పోతోంది కదా" అంది, రెండు రోజులు ఇలాగే బంతాట. ఈథర్‌నెట్‌లో మామూలుగా ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500 బైట్లు. వీపీఎన్ తన హెడర్లు తగిలిస్తుంది కాబట్టి లోపల అంత చోటుండదు. చిన్న ప్యాకెట్లు దూరిపోతాయి, పెద్దవి ఇరుక్కుంటాయి. "డోంట్ ఫ్రాగ్మెంట్" బిట్ పెట్టిన పెద్ద ప్యాకెట్‌ని రౌటర్ పారేసి, "చిన్నవి పంపు" అని ఐసీఎంపీలో (పింగ్, తప్పుల కబుర్లు మోసే ప్రోటోకాల్) కబురు పెడుతుంది. ఎవరో మహానుభావుడు భద్రత కోసమని ఫైర్‌వాల్‌లో పింగ్ తప్ప మిగతా ఐసీఎంపీ కబుర్లు మొత్తం ఆపేశాడు. పింగ్‌నే డోంట్ ఫ్రాగ్మెంట్‌తో 1472 సైజులో కొట్టాను (28 బైట్ల హెడర్లు కలిస్తే 1500), జవాబు లేదు. 1372తో కొడితే వచ్చింది. ఆ కబురుని వదలమని ఒక రూల్, టీసీపీ సెగ్మెంట్ సైజు తగ్గించమని ఒక లైను, అంతే. ఫ్రాగ్మెంటేషన్, ఐసీఎంపీ రెండూ మనం "షార్ట్ నోట్స్‌లో వస్తాయిలే" అని వదిలేసే టాపిక్‌లే.

డెవలపర్లకి ప్రత్యేకంగా: "కనెక్షన్ రిఫ్యూజ్డ్"కీ "టైమౌట్"కీ తేడా తెలిస్తే టీమ్‌లో మీకు గౌరవం దానంతటదే వస్తుంది. రిఫ్యూజ్డ్ అంటే మామూలుగా అవతలి మెషీన్ దాకా చేరారు, ఆ పోర్టులో వినేవాడు లేడు, రీసెట్ వచ్చింది. టైమౌట్ అంటే అసలు ఉలుకూపలుకూ లేదు, ఫైర్‌వాలో దారో చూసుకోవాలి. డాకర్‌లో (యాప్‌ని విడి డబ్బాలో పెట్టి నడిపే సాధనం) యాప్ నడుస్తోంది కానీ బయటి నుంచి రావట్లేదంటే, అది 127.0.0.1 (తనకి తానే అనే అడ్రస్) మీద మాత్రమే వింటోందేమో ముందు చూడండి. ఇక ఫ్రెండ్‌తో కలిసి పైథాన్‌లో సాకెట్లతో ఒక చిన్న చాట్ ప్రోగ్రామ్ రాయండి. రెండు మెసేజ్‌లు పంపితే అవతల ఒకటిగా అతుక్కుని వస్తాయి ఒక్కోసారి. టీసీపీకి మెసేజ్ అనేదే లేదు, బైట్ల ధార మాత్రమే ఉంది అని అప్పుడు ఒంటబడుతుంది. సర్వర్ ఆపి వెంటనే మళ్లీ నడిపితే "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అని తిడుతుంది, అది ముగిసిన కనెక్షన్‌ని కాసేపు పట్టి ఉంచే టైమ్-వెయిట్ స్టేట్, పుస్తకంలోని ఆ గజిబిజి స్టేట్ బొమ్మలో చివర ఉంటుంది.

సబ్‌నెటింగ్ భయం గురించి. బైనరీలో ఐదారు లెక్కలు చేసి, తర్వాత బైనరీని వదిలేయండి. 192.168.10.77 స్లాష్ 26 ఇచ్చారు. ఐపీ అడ్రస్‌లో మొత్తం 32 బిట్లు, అందులో మొదటి 26 వీధివి; 32లోంచి 26 తీస్తే 6, రెండు టు ది పవర్ ఆరు 64. అంటే ఆఖరి అంకెలో 64 ఇళ్ల వీధులు: 0, 64, 128, 192. 77 ఏ వీధిలో ఉంది? 64లో. వీధి పేరు .64, చివరి ఇల్లు .127 బ్రాడ్‌కాస్ట్, మధ్యలో 65 నుంచి 126 దాకా 62 హోస్ట్‌లు. రోజుకి ఐదు చొప్పున పది రోజులు చేస్తే వేళ్ల మీదకి వచ్చేస్తుంది. పరీక్షలో 62 అని రాయండి. రేపు ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్) స్లాష్ 26 సబ్‌నెట్ పెడితే 59 మాత్రమే దొరుకుతాయి, వాళ్లు ప్రతి సబ్‌నెట్‌లో ఐదు అడ్రస్‌లు తమ కోసం ఉంచుకుంటారు.

రౌటింగ్ చాప్టర్‌లో డిస్టెన్స్ వెక్టర్, లింక్ స్టేట్ లెక్కలు ఎలాగూ చేస్తారు, బీజీపీని (పెద్ద నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్) మాత్రం పేరు రాసి వదిలేయకండి. 2021 అక్టోబర్ 4 రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్ ఆగిపోయింది గుర్తుందా? ఇంటి వైఫై చెడిపోయిందని ఎంతమంది రౌటర్లు ఆఫ్ చేసి ఆన్ చేశారో. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వల్ల ఫేస్‌బుక్ డేటా సెంటర్ల మధ్య లింకులు తెగాయి, దాంతో వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు తమ దారుల్ని బీజీపీలో వెనక్కి తీసుకున్నాయి. సర్వర్లున్నాయి, వాటికి దారి మాత్రం లోకంలో ఎవరికీ తెలీదు. దాదాపు ఆరు గంటలు.

పరీక్షల మాటకొస్తే సీఆర్‌సీ, హ్యామింగ్, స్లైడింగ్ విండో, అలోహా లెక్కలు చేత్తో చేయాల్సిందే, చదివితే రావు. టానెన్‌బామ్ పుస్తకం కింది లేయర్ నుంచి పైకి వస్తుంది, కురోస్-రాస్ పుస్తకం పైనుంచి కిందికి. మీరు వాడే బ్రౌజర్ నుంచి మొదలవుతుంది కాబట్టి అర్థం కావడానికి రెండోది, సిలబస్‌లో మొదటిది ఉంటే పరీక్షకి అది. వీడియోలు కావాలంటే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల కోర్సు ఉంది. మూడూ ఒకేసారి పెట్టుకుంటే ఏదీ అవ్వదు.

సీసీఎన్ఏ: నెట్‌వర్క్ ఉద్యోగమే కావాలంటే చేయండి, రెజ్యూమె మొదటి వడపోతలో నిజంగా పనికొస్తుంది. డెవలపర్ అవ్వాలనుకుంటే పరీక్ష ఫీజు కట్టకండి. 300 డాలర్లు, పన్ను అదనం, పైగా మూడేళ్లకి గడువు తీరిపోతుంది, అంటే మీరు సెటిలయ్యేసరికి దానికి నూరేళ్లు నిండుతాయి. దాని బదులు కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టుకునే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. రెండు రౌటర్లు, మూడు స్విచ్‌లు పెట్టి, ముందు పనిచేసేలా చేసి, తర్వాత మీరే ఒకచోట చెడగొట్టి, ఫ్రెండ్‌ని కనిపెట్టమనండి. మా ఇంటర్వ్యూలో చేసేదీ ఇంచుమించు అదే.

ఇవాళ రాత్రికి చేయాల్సిన పని ఒకటే: విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టి, వచ్చిన ప్రతి లైనూ ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని పక్కన రాసుకోండి. రాయలేకపోయిన లైన్లు ఇక్కడే కామెంట్‌లో పెట్టండి, మ్యాక్ అడ్రస్ మాత్రం చెరిపేసి. ఆదివారం కూర్చుని చూస్తాను.